పద్దాక ఆగిపోయే రోబో వ్యాక్యూమ్: కొత్త బ్యాటరీ కొనేముందు చూడాల్సినవి

రోబో వ్యాక్యూమ్ హాలు మధ్యలో ఆగిపోగానే అందరి అనుమానం బ్యాటరీ మీదకే పోతుంది. డబ్బు పోసి కొత్తది తెప్పిస్తారు, బిగిస్తారు. నాలుగో రోజు సోఫా పక్కన మళ్ళీ అదే కథ. బ్యాటరీ పాడవదని కాదు, కానీ అది ఆఖర్న తేల్చాల్సిన సంగతి. ఈ మిషన్‌లో బ్రష్ మోటారుకు, చక్రాలకు, ఫ్యానుకు, బ్యాటరీకి వేరువేరుగా కాపలా ఉంటుంది. కరెంటు ఎక్కువ లాగినా, వేడెక్కినా, ముందు గొయ్యి ఉన్నట్టు అనిపించినా ఆ కాపలాల్లో ఏదో ఒకటి మిషన్‌ను ఆపేస్తుంది. ఆపింది ఏదో పట్టుకుంటే సగం రిపేరు అయినట్టే.

ఆరిపోయిందా, పడుకుందా

ముందు ఈ తేడా తేల్చండి. ఎక్కడైనా ఇరుక్కున్నప్పుడు రోబో ఒకటి రెండుసార్లు కూస్తుంది, లేదంటే మాట్లాడుతుంది. ఎవరూ పట్టించుకోకపోతే కొన్ని నిమిషాలకు లైట్లన్నీ ఆర్పేసి నిద్రలోకి పోతుంది. వంటింట్లో మిక్సీ చప్పుడులో ఆ కూత ఎవరికీ వినపడదు. తీరా వచ్చి చూస్తే చచ్చినట్టు పడి ఉంటుంది. బటన్ ఒక్కసారి నొక్కండి. వెంటనే లైటు వెలిగి ఏదో తప్పు చెప్పిందంటే పవర్ బాగానే ఉంది, ఆగడానికి కారణం బయట ఉంది. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతేనే అది నిజంగా ఆరిపోయినట్టు. అప్పుడు కూడా ముందు పక్కనో అడుగునో ఉండే చిన్న పవర్ స్విచ్ చూడండి. పిల్లలున్న ఇంట్లో దాని సంగతి చెప్పక్కర్లేదు.

ఎర్రర్ నంబర్ చెబితే మీ మోడల్ పుస్తకంలోనే చూడండి, వేరే కంపెనీ వీడియో చూసి కాదు. రూంబాలో 6 అంటే కింద ఉండి మెట్టును పసిగట్టే క్లిఫ్ సెన్సర్ల గొడవ, రోబోరాక్‌లో 6 అంటే సైడ్ బ్రష్ గొడవ. ఒకే అంకె, రెండు వేరే జబ్బులు.

తర్వాత మూడు రోజులు గోడ క్యాలెండర్ మీద రాయండి: ఎన్ని నిమిషాలకు ఆగింది, ఎక్కడ ఆగింది, పట్టుకుంటే ఒళ్ళు వేడిగా ఉందా. మొదలెట్టిన పది ఇరవై సెకన్లకే ఆగితే బ్రష్‌లోనో బంపర్‌లోనో ఏదో ఇరుక్కుంది. పది పదిహేను నిమిషాలకు వేడెక్కి ఆగితే వెంట్రుకలో, మూసుకుపోయిన ఫిల్టరో. రోజూ ఒకే చోట ఆగితే తప్పు నేలది. రోజురోజుకూ ముందుగా ఆగుతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించండి, అదీ కింద చెప్పే శుభ్రం అయ్యాకే.

వెంట్రుకలు, పూలనార

ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి. మిషన్‌ను బోర్లించేముందు స్విచ్ ఆపండి. నేల మీద మెత్తటి టవల్ పరిచి, పైనున్న లేజర్ గుండు (గదిని చూసే సెన్సర్) నొక్కుకోకుండా తిప్పండి. దగ్గర ఉంచుకోవాల్సినవి: ప్లస్ స్క్రూడ్రైవర్, పాత టూత్‌బ్రష్, చిన్న కత్తెర, పట్కారు, పొడి మెత్తటి గుడ్డ.

మెయిన్ బ్రష్ మూత తీసి బ్రష్ బయటికి లాగండి. మధ్యలో చుట్టుకున్న జుట్టు అందరికీ కనపడుతుంది, అందరూ తీస్తారు. అసలు దొంగ చివర్లో ఉంటుంది. బ్రష్ రెండు కొసల్లో ఉన్న ప్లాస్టిక్ టోపీ, లేదా బేరింగ్, మెల్లగా తిప్పుతూ ఊడదీయండి. లోపల ఇరుసు చుట్టూ వెంట్రుకలు ఉంగరంలా బిగుసుకుపోయి ఉంటాయి. తలనూనె జిడ్డు, దుమ్ము కలిసి గట్టిపడి నల్లటి రబ్బరు వాషర్ లాగా తయారవుతుంది. చాలామంది అది మిషన్ భాగమే అనుకుని అలాగే వదిలేస్తారు. కత్తెర కొసతో ఒక చోట కోసి పట్కారుతో లాగితే చుట్టలా ఊడి వస్తుంది. బ్రష్ మీది జుట్టు మాత్రం లాగకండి, బ్రష్ పొడుగునా ఉండే గాడిలో కత్తెర పెట్టి కోయండి. లాగితే కుచ్చులు ఊడతాయి.

మన ఇళ్ళలో ఇంకో ప్రత్యేకమైన శత్రువు అరటినార. మల్లెపూల కాలంలో జడలోంచి రాలిన దండ ముక్క వాడిపోయి మంచం కిందకు చేరుతుంది. ఎండిన నార వెంట్రుక కంటే మొండిది. బ్రష్‌కు రెండు చుట్లు తిరిగిందంటే మోటారు అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. పురికొస ముక్కలు, కొబ్బరిపీచు పట్టా పోగులు, దుప్పటి అంచు కుచ్చులు కూడా అదే పని చేస్తాయి.

ఇక సైడ్ బ్రష్. ఒక స్క్రూ తీస్తే వస్తుంది, కొన్నింట్లో పైకి లాగితే చాలు. దాని కింద ఇరుసు దగ్గర చూడండి. ముందున్న చిన్న చక్రాన్ని గట్టిగా నిటారుగా లాగితే ఊడి వస్తుంది. దాని ఇరుసు కూడా బయటికి నెట్టి తుడవండి. మైపాడు బీచ్‌కో కొత్తపట్నం బీచ్‌కో పోయి వచ్చిన రోజు ఇల్లంతా ఇసుక రాలుతుంది కదా, ఆ సన్నటి ఇసుక ఈ చక్రంలోకే పోయి చేరుతుంది. చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతుంటే టైల్స్ మీద సన్నటి గీతలు పడతాయి. ఆ గీతలు కనిపిస్తే వెంటనే ఈ చక్రం చూడండి. రెండు పెద్ద చక్రాలను వేలితో లోపలికి నొక్కి వదలండి. రెండూ ఒకే ఊపుతో బయటికి రావాలి, చేత్తో తిప్పితే ఒకే రకంగా తిరగాలి. ఒకటి మొరాయిస్తే దాని పక్క సందులో నార ఉంది.

అన్నీ శుభ్రం చేశాక కూడా ఆగుతుంటే ఒక పరీక్ష చేయండి. మెయిన్ బ్రష్ తీసేసి, మూత మాత్రం బిగించి నడపండి. బ్రష్ లేకుండా ఇల్లంతా చక్కగా తిరిగితే తప్పు బ్రష్‌దో, దాన్ని తిప్పే గేర్ డబ్బాదో. కొత్త బ్రష్, కొసల్లోని బేరింగులు కలిపి మార్చి చూడండి. దానికీ లొంగకపోతే గేర్ డబ్బా మొత్తం ఒకే భాగంగా దొరుకుతుంది. లోపలి పళ్ళు ఒక్కొక్కటిగా మార్చే పని పెట్టుకోవద్దు.

వెంట్రుకల దగ్గర ఇంతసేపు ఎందుకంటే, అవి బ్యాటరీ జబ్బులాగే వేషం వేస్తాయి. ఈ మిషన్లలో ఎక్కువగా ఉండేది 14.4 వోల్టుల, 2600 మిల్లీ యాంప్ అవర్ల బ్యాటరీ. రెండూ గుణిస్తే సుమారు 37 వాట్ అవర్లు. మిషన్ 25 వాట్లు తింటూ తిరిగితే గంటన్నర దాకా వస్తుంది. ఇరుసులు బిగుసుకుని, ఫిల్టర్ పూడుకుపోయి 40 వాట్లు తింటే అదే బ్యాటరీ గంట కూడా రాదు. బ్యాటరీ కొత్తదైనా అంతే. కొత్తది వేసిన వారం రోజులు బాగా తిరిగి మళ్ళీ పాత పాట పాడేది ఇందుకే.

ముగ్గుపిండి, ఫిల్టర్

ధనుర్మాసంలో ఆగే మిషన్లకు కారణం వాకిట్లో ఉంటుంది. ముగ్గు రాతిపొడి, బియ్యప్పిండి మామూలు దుమ్ము కంటే చాలా సన్నం. వరండాలో ముగ్గు మీదుగా రోబో ఒక్కసారి పోయిందంటే ఫిల్టర్ మడతలు తెల్లగా పూడుకుపోతాయి. గాలి ఆడక ఫ్యాను మోటారు వేడెక్కుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. చీపురుతో చేయాల్సిన పని చీపురుకే వదిలేయండి. కొత్తగా సున్నం వేసిన గోడలు, పీఓపీ పని జరిగిన గది కూడా అంతే.

చెత్తడబ్బా ప్రతి రోజూ, ఫిల్టర్ వారానికొకసారి. ఫిల్టర్‌ను డస్ట్‌బిన్ అంచుకు తట్టి దులపండి, టూత్‌బ్రష్‌తో మడతల వెంట పైపైన రుద్దండి. తర్వాత ట్యూబ్‌లైటు ఎదురుగా పట్టుకోండి. మడతల మధ్య వెలుతురు అసలు కనపడకపోతే దాని పని అయిపోయింది. రోజూ నడిపే ఇంట్లో మూడు నెలలకోసారి మార్చడం మేలు.

కడగొచ్చు అని రాసి ఉన్న ఫిల్టర్‌నే కడగాలి. కడిగితే నీడలో 24 గంటలు ఆరాలి. నెల్లూరు వైపు కార్తీకంలో ముసురు పట్టినప్పుడు రెండు రోజులైనా చేతికి తేమ తగులుతుంది, అలాంటప్పుడు రెండో ఫిల్టర్ దగ్గర ఉంచుకోవడమే దారి. తడి ఫిల్టర్ మీద దుమ్ము పడితే పేస్టులా అతుక్కుంటుంది, ఆ తడి ఫ్యానులోకి కూడా పోతుంది. ఫిల్టర్ లేకుండా నడిపి చూద్దాం అనుకోకండి. ఆ దుమ్మంతా నేరుగా ఫ్యాను బేరింగుల్లోకి పోతుంది.

ఫిల్టర్ బాగుండీ ఫ్యాను ఈల వేసినట్టు అరుస్తుంటే, డబ్బా తీసి గాలి పోయే దారిలో టార్చి వేసి చూడండి. చాక్లెట్ కాగితమో, పాలప్యాకెట్ కొసో అడ్డంపడి ఉంటుంది.

నల్ల గ్రానైట్ మీద ఆగేవి

ప్రకాశం, నెల్లూరు ఇళ్ళకు ఇదొక సొంత సమస్య. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, నల్లటి రాతిలో బంగారు చుక్కలది, మెట్లకూ గడపలకూ టైల్స్ చుట్టూ బార్డర్లకూ వేసుకుంటాం. రోబో అడుగున ముందు అంచు వెంట చిన్న గాజు కిటికీల్లా నాలుగైదు క్లిఫ్ సెన్సర్లు ఉంటాయి. ఒక్కొక్కటీ కిందకు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పంపుతుంది. నేల మీద పడి అది తిరిగి వస్తే నేల ఉన్నట్టు, రాకపోతే మెట్టు ఉన్నట్టు. నల్లటి నున్నటి రాయి ఆ వెలుతురును సరిగ్గా వెనక్కి పంపదు. పాపం మిషన్ ముందు అగాధం ఉందనుకుని వెనక్కి పోతుంది, నాలుగు వైపులా అదే కనపడితే ఆగిపోతుంది.

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. రోజూ ఆగే చోట న్యూస్‌పేపర్ పరిచి అంచులకు టేపు వేయండి. పేపర్ మీద దాటి పోతే తప్పు రాయిదే. పేపర్ మీద కూడా ఆగితే సెన్సర్ కిటికీలు మసకబారాయి. పొడి గుడ్డతో తుడవండి, మాప్ నీళ్ళ మరకలుంటే గుడ్డను కొద్దిగా తడిపి. తడి ముగ్గు మీద నడిచిన మిషన్‌కు ఈ కిటికీల మీద తెల్లటి పొర కట్టి ఉంటుంది.

రాయిని మార్చలేం కాబట్టి యాప్‌లో ఆ భాగాన్ని పోకూడని చోటుగా గీయండి. యాప్ లేని మోడళ్ళకు కంపెనీ అమ్మే మాగ్నెటిక్ పట్టీ పనికొస్తుంది. సెన్సర్ల మీద తెల్ల టేపు అంటించే చిట్కా చాలామంది చెబుతుంటారు. పని చేస్తుంది, కాని ఆ తర్వాత మిషన్‌కు మెట్లు కనపడవు. మేడ మీద వాడే ఇంట్లో అది చేస్తే మిషన్ మెట్ల మీంచి దొర్లుతుంది.

గడప విషయమూ ఇక్కడే. ఈ మిషన్లు మామూలుగా ఎక్కగలిగేది సుమారు 2 సెంటీమీటర్లు. అంతకంటే ఎత్తున్న గడప మీద పొట్ట ఆనించి చక్రాలు గాల్లో తిప్పుతూ అలసి ఆగిపోతాయి. గడప తొక్కకూడదని పెద్దవాళ్ళు చెప్పింది వీటికీ వర్తిస్తుంది.

ఎండలు

లిథియం బ్యాటరీ ఒళ్ళు సుమారు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ తీసుకోకుండా లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి మిషన్ నడిపి, పడమటి కిటికీ కింద ఎండ పడే డాక్ (ఛార్జింగ్ స్టాండు) మీద పెడితే అది ఛార్జ్ ఎక్కదు. సాయంత్రం చూస్తే ఆరిపోయి ఉంటుంది. వేసవిలో పొద్దున్నే ఆరింటికి టైమ్ పెట్టండి. డాక్‌ను ఎండ తగలని లోపలి గోడకు మార్చండి. తలుపులోంచి నేల మీద పడే నేరు ఎండ డాక్ వెతికే సెన్సర్లనూ తికమక పెడుతుంది.

డాక్, కరెంటు కోతలు

రోబో డాక్‌కు తిరిగి పోయేది డాక్ పంపే ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్‌ను పట్టుకుని. కరెంటు పోతే డాక్ ఆ సిగ్నల్ పంపదు. పని ముగిసిన మిషన్ ఇల్లంతా వెతికి వెతికి ఛార్జ్ అయిపోయి ఎక్కడో మంచం కింద ఆగిపోతుంది. కోతలున్న ఊళ్ళలో "రోజూ ఆగిపోతోంది" అనే గోలలో కొంత ఇదే. డాక్ ప్లగ్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్చండి. మామూలు డాక్ ఎడాప్టర్ తినేది ఒక చిన్న బల్బంత, ఇన్వర్టర్‌కు అదొక బరువే కాదు. డాక్ రెండు పక్కలా ఒకటిన్నర అడుగు, ముందు నాలుగైదు అడుగులు ఖాళీ ఉండాలి. అడుగు జారకుండా డబుల్ టేపు వేయండి, లేదంటే రోబో తగిలిన ప్రతిసారీ డాక్ వెనక్కి పోయి ప్లగ్ వదులవుతుంది.

సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి డాక్ మీదా రోబో అడుగునా ఉన్న రెండేసి లోహపు పట్టీలకు చిలుము పడుతుంది. తాకుతున్నట్టే ఉంటుంది, ఛార్జ్ మాత్రం ఎక్కదు. పెన్సిల్ రబ్బరుతో మెరిసేదాకా రుద్ది పొడి గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, పైపూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. డాక్ పట్టీలు వేలితో నొక్కితే స్ప్రింగులా పైకి రావాలి.

మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) ఉన్నవాళ్ళు కొలవాల్సింది ఎడాప్టర్ పిన్ దగ్గర, డాక్ పట్టీల దగ్గర కాదు. చాలా డాక్‌లు రోబో వచ్చి ఆనిందని తెలిశాకే పూర్తి వోల్టేజీ ఇస్తాయి, ఖాళీగా కొలిస్తే డాక్ చెడిపోయిందని పొరపడతారు. ఎడాప్టర్ మీద ఎంత రాసి ఉందో మీటర్ దానికి దగ్గరగా చూపాలి.

ఇప్పుడు బ్యాటరీ

ఇక్కడిదాకా వచ్చి ఇంకా ఆగుతుంటే అప్పుడు మూత విప్పండి. కింది లెక్కలు నాలుగు లిథియం సెల్స్ వరుసగా ఉన్న 14.4 వోల్టుల ప్యాక్‌వి. పాత రూంబాల్లో ఉండే నికెల్ ప్యాక్‌లకు ఇవి పనికిరావు. కొలిచేటప్పుడు మీటర్ వైర్ల కొసల్లోని ముల్లులు రెండూ ఒకదానికొకటి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. అలవాటు లేనివాళ్ళు ఈ పని షాపులో చేయించండి.

1. నిండా ఛార్జ్ చేసి, డాక్ మీంచి తీసి అరగంట ఆగి, ఎర్ర వైరుకూ నల్ల వైరుకూ మధ్య కొలవండి. నిండు ప్యాక్ గరిష్ఠం 16.8 వోల్టులు. 16.3 పైన ఉంటే నిండినట్టే. 15.8 కూడా దాటకపోతే ఛార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదు.

2. మామూలు మోడ్‌లో నడిపి, ఆరిపోయిన వెంటనే మళ్ళీ కొలవండి. 12, 12.5 దగ్గర ఉంటే బ్యాటరీ నిజాయితీగా ఖాళీ అయింది, ఎన్ని నిమిషాలు వచ్చిందన్నదే ప్రశ్న. 14 దగ్గర ఉండి కూడా మిషన్ ఆరిపోయిందంటే నాలుగింట్లో ఒక సెల్ బలహీనపడింది. అది ముందుగా అడుగంటితే మిగతావాటిలో ఛార్జ్ ఉన్నా మిషన్ ఆగిపోతుంది.

3. మీటర్ సున్నా చూపితే భయపడకండి. ప్యాక్‌లోని కాపలా సర్క్యూట్ తలుపు మూసుకుంది. డాక్ మీద పెడితే చాలాసార్లు మళ్ళీ తెరుచుకుంటుంది. నెలల తరబడి ఊరెళ్ళి వచ్చాక మిషన్ లేవకపోతే బ్యాటరీ పది నిమిషాలు ఊడదీసి, మళ్ళీ పెట్టి, నాలుగైదు గంటలు డాక్ మీద ఉంచండి.

కొత్తలో గంటన్నర వచ్చింది ఇప్పుడు ముప్పావుగంట వస్తుంటే, మళ్ళీ ఛార్జ్ చేసుకుని మిగతా పని ముగించే మోడల్ అయితే ఇంకొన్నాళ్ళు వాడుకోవచ్చు. అరగంట కూడా రాకపోతే మార్చాల్సిందే. రోజూ వాడితే రెండు మూడేళ్ళకు ఈ స్థితికి రావడం మామూలే.

కొనేటప్పుడు మోసం ఎక్కువ. ఈ ప్యాక్‌లలో ఎక్కువగా ఉండే 18650 రకం సెల్ ఒక్కోటి ఎంత మంచిదైనా 3500 మిల్లీ యాంప్ అవర్లకు అటూ ఇటూ. అంటే నాలుగు సెల్స్ ప్యాక్ మీద అంతకంటే బాగా పెద్ద అంకె, ఎనిమిది సెల్స్ ప్యాక్ మీద 7000 బాగా దాటిన అంకె ఉంటే అది కాగితం మీది కెపాసిటీ మాత్రమే. ఇంకో గుర్తు బరువు. సెల్ ఒక్కోటి సుమారు 45 గ్రాములు తూగుతుంది కాబట్టి నాలుగు సెల్స్ ప్యాక్ 180 గ్రాములకు పైనే ఉండాలి. వంటింటి త్రాసు మీద పెట్టి చూడండి. 120 చూపితే వెనక్కి పంపేయండి. వోల్టేజీ, కనెక్టర్‌లో పిన్‌ల వరుస రెండూ పాతదానితో సరిపోవాలి. ఎరుపు, నలుపు కాకుండా ఉండే మూడో వైరు మామూలుగా వేడిని కొలిచే సెన్సర్‌ది. దాన్ని వదిలేసి కలిపితే మిషన్ ఛార్జ్ కావడానికి ఒప్పుకోదు.

పాత ప్యాక్‌లోనే సెల్స్ మార్పించాలనుకుంటే నాలుగూ ఒకే కంపెనీవి, కొత్తవి, స్పాట్ వెల్డింగ్‌తో వేసే మనిషి దగ్గరే చేయించండి. సోల్డరింగ్ ఐరన్ నేరుగా సెల్ మీద పెట్టేవాళ్ళ దగ్గర వద్దు, ఆ వేడికి సెల్ లోపల దెబ్బతింటుంది.

నీళ్ళు తాగిన మిషన్

బాత్‌రూమ్ ముందు తడినో, ఒలికిన మజ్జిగనో పీల్చి ఆగిపోతే ఆన్ చేసి చూడకండి, డాక్ మీద పెట్టకండి. స్విచ్ ఆపి, బ్యాటరీ ఊడదీసి, డబ్బా, ఫిల్టర్, బ్రష్ తీసేసి ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరబెట్టండి. మజ్జిగ, పాలు అయితే ఎండాక కూడా లోపల పొర మిగిలిపోతుంది, విప్పి శుభ్రం చేయించాల్సిందే.

తీసేసిన పాత బ్యాటరీ రెండు కొసలకూ ఇన్సులేషన్ టేపు చుట్టండి. మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకండి, బండిలో నలిగితే నిప్పంటుకుంటుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే చోటే అడిగి ఇచ్చేయండి. తొడుగు ఉబ్బినా, ఘాటైన వాసన వస్తున్నా ఇంట్లో ఉంచకుండా, ఇచ్చేదాకా ఆరుబయట ఇసుక పోసిన మట్టి కుండలో పెట్టండి.